చేతెడు తీగ

పడకగదిలో కంప్యూటరు, హాల్లో స్పీకర్లు.
మధ్యన పదకొండు మీటర్ల తీగ
గడప దాటి, చాప కింద దూరి,
చెప్పుల స్టాండు చుట్టూ ఓ మెలిక తిరిగి వెళ్లేది.
నాలుగేళ్లు దాన్ని దాటుతూనే కాపురం చేశాం.

ఎర్రగడ్డలో మూతపడ్డ రికార్డింగు స్టూడియో వాళ్లు
ఇంచుమించు తూకానికి అమ్మేసిన జత అది.
ఆంప్లిఫయరు లోపలే. వీపు ఎప్పుడూ గోరువెచ్చన.
చలికాలం మా పిల్లి బుడంకాయ
ఎడమ స్పీకరు వెనకే పడుకుంటుంది.
కుడిదానితో దానికేం తగువో.

జూన్‌లో, వాన పడుతుండగా,
గ్యాస్ బండ భుజానేసుకొచ్చిన ఐలయ్య
కాలు తీగకు తగిలింది.
బండ పడలేదు. మనిషి పడలేదు.
కంప్యూటరు పడింది.
"వైరు తీసెయ్యుండ్రి మేడమ్, పానం పోతది" అన్నాడు
ఖాళీ బండ ఎత్తుకుంటూ.

తీసేశాం.
ఆరొందల రూపాయల బ్లూటూత్ బిళ్ల తెచ్చి వెనక గుచ్చాం.
పాట వచ్చింది. టక్కున వచ్చింది.
"బానే ఉంది కదమ్మా" అంది ఇందీవర
ఫోన్లోంచి తలెత్తకుండా.
బానే ఉంది.
జలజాక్షి టీచర్ వీణ పెట్టేదాకా బానే ఉంది.

నల్లకుంటలో, వాళ్ల ముందుగదిలో,
టేపురికార్డరు ఒళ్లో పెట్టుకుని నేను పట్టిన తోడి.
పన్నెండో నిమిషంలో, గాంధారం ఊగేటప్పుడు,
తీగ మీద వేలు ఒరుసుకున్న చప్పుడు ఒకటుంటుంది,
ఎండుటాకు మీద చీమ నడిచినంత.
రాగం కన్నా నాకు అదే గుర్తు.
బిళ్లలోంచి గమకం వచ్చింది.
వేలు రాలేదు.

ఇంట్లో తీగ పోవాలి. వీణ తీగ పోకూడదు.
ఈ గొడవ ఎవరికి చెబితే నవ్వరు?

కోఠీ, గుజరాతీ గల్లీ, మెట్ల కింద కొట్టు.
రియాసత్ భాయ్ నవ్వలేదు.
చెవి మీది పెన్సిలు తీసి బల్ల మీద పెట్టి, అంతా విన్నాడు.
"బ్లూటూత్ అంటే షేరాటో అక్కా.
ఏడుగురి జాగల పన్నెండు మందిని కుక్కుతది.
అందరూ దిగుతరు,
కానీ ఎవరిదో ఒక చెప్పు రోడ్డు మీద పడిపోతది.
మీ టీచరమ్మ చెప్పు పడ్డది, గంతే."

అరచేతంత నల్ల డబ్బా ఒకటి తీశాడు.
"ఫోను పాట మొయ్యొద్దు. ఏ పాటనో చెప్పాలె, అంతే.
డబ్బానే పోయి వైఫైల కెల్లి తెచ్చుకుంటది,
పిండకుండ, మడవకుండ.
డబ్బాల వాల్యూమ్ ఫుల్లు పెట్టు, స్పీకర్ కాడ తగ్గించుకో.
ముందుగాల తగ్గించు, మరువకు, చెవులు పోతయి.
రెండిటి నడుమ చేతెడు వైరు ఉండనియ్యి.
వైరంటే సిగ్గెందుకు?"

ఆ రాత్రి కరెంటు పోయి, వచ్చి,
రౌటరు కళ్లు నులుముకుంటూ లేచి,
పన్నెండో నిమిషం.
వేలు వచ్చింది.

ఆదివారం టీచర్‌ని ఆటోలో తీసుకొచ్చి
రెండు స్పీకర్లకీ సరిగ్గా నడుమ కూర్చోబెట్టాను.
డెబ్బై దాటినా వెన్ను నిటారు.
విన్నారు. "మళ్లీ పెట్టు" అన్నారు. పెట్టాను.
"అది వేలు కాదే!
ఆ పొద్దున బీరకాయ తరుగుతూ తెగ్గోసుకున్నా.
గుడ్డపట్టీ అది. పట్టీతోనే వాయించా.
గరగరమంటోందని ఆ క్యాసెట్టు అడగలేదు, నీకే వదిలేశా."

బుడంకాయ ఆవిడ ఒళ్లోకి ఎక్కింది.
ఇంకోసారి పెట్టమని ఎవరూ అనలేదు.
నేనే పెట్టాను.

పదకొండు మీటర్ల తీగ చుట్ట చుట్టి అటకెక్కించాను.
నేల మీద దాని గీత మిగిలింది,
ఎంత తుడిచినా.
నిన్న మళ్లీ ఐలయ్య బండతో వచ్చాడు.
గడప దగ్గర, లేని తీగ మీదుగా
కాలెత్తి వేశాడు.
వెనకాలే నేనూ.